అవ్వ స్టేజికి ఆ పేరు పెట్టింది నేనే

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద అవ్వ స్టేజి అని ఒక చిన్న ఊరుంది. ఆ పేరు పెట్టింది నేనే. ఆ దారిలో కండక్టరుగా ఏళ్ళ తరబడి తిరిగినవాణ్ణి, రిటైరయ్యాక ఈ గొప్ప చెప్పుకోకుండా ఒక్క పూట ఉండలేకపోయేవాణ్ణి. వినీ వినీ మా ఇంట్లోవాళ్ళకు చెవులు చిల్లులు పడ్డాయి.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు అక్కడ ఊరే లేదు. నల్లరేగడి చేలు, రోడ్డు పక్కన ఒక్క గుడిసె. మాకిచ్చిన బస్సు ఒట్టి డొక్కు. సరిగ్గా ఆ గుడిసె దాకా వచ్చేసరికి ఇంజను కాగిపోయి పొగలు కక్కేది. గుడిసెలోంచి ఒకామె కడవతో నీళ్ళు తెచ్చి డ్రైవరుకు అందించేది. ఇంజనుకు పోయగా మిగిలింది మేం తాగేవాళ్ళం. ఎంతో దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్ళని తెలిసినా మాకు మొహమాటమే లేదు. నేనైతే కిటికీలోంచి తల బయటపెట్టి, "అవ్వా, ఇంకో కడవ!" అని అరిచేవాణ్ణి. ఆమె తల ముగ్గుబుట్టలా ఉండేది మరి.

బస్సు ఎలాగూ ఆగుతుందని పత్తి తీసే కూలీలు అక్కడే నిలబడడం మొదలుపెట్టారు. టికెట్టు యాడికప్పా అంటే, అవ్వ కాడికి అనేవాళ్ళు. "అవ్వ స్టేజి దిగేవాళ్ళు రండప్పా!" అని నేను కేకేసేవాణ్ణి. తర్వాత ఒక టీ బంకు వచ్చింది, నాలుగిళ్ళు లేచాయి, బడి పెట్టారు. చూస్తుండగానే ఊరైపోయింది.

పోయిన నెల ఆ ఊరివాళ్ళు మొదటిసారి పేరు బోర్డు పెట్టుకుంటూ, ఊరి కథ చెప్పమని నన్ను పిలిపించారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ పోయాను. బడి వరండా నిండా జనం. పెయింటరు రంగుడబ్బా మూత తీసి కూర్చున్నాడు. నా కథకు అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక నుంచి ఒకామె లేచింది. ఆ అవ్వ కూతురట. చేలోంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగు నడుముకు దోపుకుని ఉంది.

"ఆ బోర్డు మీద మాయమ్మ సొంత పేరు రాయించన్నా," అంది. "అవ్వ అని పెట్టినోనివి నువ్వే గదా. నువ్వు సెప్తే ఇంటారు."

"అదేంటమ్మా, ముసలామెను అవ్వ అనక ఏమంటారు?"

"యాడ ముసిల్ది? అప్పుటికి ముప్పై ఏండ్లు గూడా ల్యావు. నేను సంకలో బిడ్డను. ఆదోనిలో రేత్రంతా జిన్నింగు మిల్లు పని సేసి పొద్దున వస్తాండె. తలంతా దూది నుసే. దులుపుకొనే లోపల నీ బస్సు వస్తాండె. నువ్వు అవ్వా అన్న్యావని మొదటి దినం ఏడ్సిందంట. మా నాయన పోయినాక మాయమ్మను పేరు పెట్టి పిలిసినోల్లే ల్యారన్నా. సచ్చేదాకా అవ్వే."

ఛీ, ఇదా నేను ఊరంతా చాటుకున్న గొప్ప! వాళ్ళమ్మ సొంత పేరే రాయమని అక్కడే ఉన్న సర్పంచిని బతిమాలాను, ఆఖరికి కోప్పడ్డాను కూడా.

"అవ్వంటే మాకు దేవుడు సార్," అన్నాడాయన. "పిల్లోల్ల బడి కాగితాల్లో, ఆధారు కార్డుల్లో అంతా అవ్వ స్టేజే ఉండాది. ఇప్పుడు మారిస్తే ఎట్ల?"

ఆయన మాటలో ప్రేమే ఉంది. అవునవునన్న వాళ్ళందరి మాటలోనూ ఉంది. పెయింటరు అవ్వ స్టేజి అనే రాశాడు.

జనం కదిలాక ఆ కూతురి దగ్గరికి పోయి, "తప్పైపోయింది తల్లీ, క్షమించు," అన్నాను. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"నాకు సెప్తే ఏమొస్తాదన్నా?" అంది. "అన్నేండ్లు మాయమ్మ సేతి నీళ్ళు తాగితివి. ఒగ దినం బస్సు దిగి, నీ పేరేందమ్మా అని అడిగింటే సాలు గదా."