రిసీవరు పెట్టేశాననుకున్నాను

ఇన్నేళ్లుగా ఒక మాట నా లోపల బరువుగా ఉండిపోయింది. మా ఆయనకు చెప్పలేదు. అక్కకు చెప్పబోయి రెండుసార్లు వేరే సంగతేదో మాట్లాడి లేచి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తెలంగాణ కోసం ఉద్యమం నడుస్తున్న రోజులవి. జనగామలో ఒక పళ్ల దవాఖానలో కౌంటరు దగ్గర పనిచేసేదాన్ని. డాక్టరుగారు ఆదివారాలు మహబూబాబాద్‌లో, బుధవారాలు భూపాలపల్లిలో కూడా రోగులను చూసేవారు. ఒకసారి చూపించుకుని, వైద్యానికి మళ్లీ రానివాళ్ల పేర్లు ఒక పొడుగాటి నోట్‌బుక్కులో ఉండేవి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఎప్పుడు వస్తారో కనుక్కోవాలి, వాళ్లు చెప్పింది పేరు పక్కన రాయాలి. అదీ నా పని.

ఆ పని నాకిచ్చింది నా మాట తీరు చూసే. మాది జఫర్‌గఢ్ పక్కన ఊరు. హైదరాబాద్ హాస్టల్లో చదువుకునేటప్పుడు నేను నోరు విప్పితే చాలు, పక్క మంచాల మీది అమ్మాయిలు నవ్వేవాళ్లు. ‘గిట్ల’ అంటే నవ్వు. ‘ఏంది’ అంటే నవ్వు. రెండేళ్లు తిరిగేసరికి నా మాటను నేనే తుడిచేసుకున్నాను. జనగామకు తిరిగొచ్చాక కూడా ఫోనెత్తితే ఆ నేర్చుకున్న మాటే వచ్చేది. డాక్టరుగారు నలుగురి ముందు మెచ్చుకునేవారు. ఎంత గర్వపడేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు ముడుచుకుపోతుంది.

గంగారం దగ్గర గూడెం నుంచి ఒకావిడ మహబూబాబాద్‌లో చూపించుకుంది. అసలు పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు. లచ్చవ్వ అనుకోండి. యాభై దాటిన మనిషి. తంబాకు నమిలే అలవాటు. చెంప లోపల ఒక పుండు మానడం లేదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని డాక్టరుగారు చెప్పారు. పత్తి ఏరుడు కాగానే వస్తానని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆమె పేరు కింద డాక్టరుగారు ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసి, “ఈమెను మాత్రం వదలొద్దు” అన్నారు.

ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాను. కొడుకు కొనిచ్చిన ఫోను, ఆమే ఎత్తింది. అండీ, గారూ అంటూ నా నేర్చుకున్న తెలుగులో పరీక్ష సంగతి చెప్పాను. ఆమె గట్టిగా, అడవి అవతలికి వినిపించాలన్నట్టు మాట్లాడింది.

“మంచిగున్నవా బిడ్డా? బస్సులు బందున్నయి గదా, ఎట్ల రావాలె? నొప్పయితె లేదు గని పుండు మానుతలేదు. ఈ ఐతారం ఏదన్న బండి దొరికితె పక్కా వస్త. సారుకు చెప్పు, జర.”

సరేనండీ అని రిసీవరు పెట్టేశాను. పెట్టేశాననే అనుకున్నాను.

కౌంటరు దగ్గర కాంపౌండరు, కొత్తగా చేరిన చిన్న డాక్టరమ్మ ఉన్నారు. ఆమె గుంటూరు వైపు మనిషి. “ఎవరూ, అంత గట్టిగా అరుస్తోంది?” అని అడిగింది, అంతే. నన్ను అనుకరించి చూపించమని ఎవరూ అడగలేదు. నేనే మొదలుపెట్టాను. లచ్చవ్వ గొంతు పెట్టి, “పుండు మానుతలేదు బిడ్డా, జర, జర” అని సాగదీశాను. వాళ్లు నవ్వారు. నవ్వుతున్నారని ఇంకోసారి అన్నాను.

తర్వాతి పేరుకు ఫోన్ చేద్దామని రిసీవరు అందుకున్నాను. అది సరిగ్గా పడలేదు, పక్కకు ఒరిగి ఉంది. చెవి దగ్గర పెట్టుకుంటే అవతల ఊపిరి వినిపించింది. ఫోను కట్ చేయడం ఆమెకు రాదేమో. ఇంకేమైనా చెబుతాననుకుని ఆగిందేమో.

“అయిపోయిందా బిడ్డా, నవ్వుడు?”

కోపంగా అనలేదు. నిజంగా అడిగినట్టే అడిగింది. నేను ఫోన్ పెట్టేశాను. ఈసారి సరిగ్గానే పెట్టాను.

అప్పుడే మళ్లీ ఫోన్ చేసి ఉంటే? తప్పైంది అవ్వా, అని ఒక్క మాట అని ఉంటే? చేయలేదు. ఆదివారం ఆమె రాలేదు. సోమవారం పొద్దున డాక్టరుగారు ఎర్ర గీతల మీద వేలు పెట్టి అడిగారు. “రానన్నది సార్, తగ్గిందట” అన్నాను. పేరు పక్కన కూడా అదే రాశాను. ఆయన ఇంకోసారి చేసి చూడమన్నారు. చేశానని చెప్పాను. చేయలేదు. ఆ గొంతు మళ్లీ వినాలంటే భయం. భయమా, సిగ్గా? ఆ రెండింటికీ తేడా ఏమిటో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ వారమే చౌరస్తాలో దీక్షా శిబిరానికి వెళ్లి కూర్చున్నాను. మన భాషను సినిమాల్లో ఎట్ల ఎక్కిరిస్తున్నరో చూడున్రి అని మైకులో ఒకాయన మాట్లాడితే అందరితో పాటు చప్పట్లు కొట్టాను. నా చేతులు నాకే కనబడుతున్నాయి. అయినా కొట్టాను.

ఏడాది కావొస్తుండగా ఒక బుధవారం నోట్‌బుక్కు పట్టుకుని డాక్టరుగారితో నేనూ భూపాలపల్లి వెళ్తే, అక్కడికి ఒకతను వచ్చాడు. లచ్చవ్వ కొడుకు, అక్కడే బొగ్గు బాయిలో పని. తల్లికి చెంప కోసేశారట, దవడ కూడా కొంత తీసేశారట. మాట రావడం లేదట. మొదట చూసిన చీటీ పెద్ద దవాఖాన వాళ్లు అడిగితే దానికోసం వచ్చాడు. డాక్టరుగారు పాత చీటీ తీసి చూశారు. ఆనాడే వచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయేదేమో అన్నారు.

అతను నా వైపు తిరిగాడు. “మా అవ్వకు మీరు ఫోన్ చేసిన్రా మేడం?”

“చేశాం. రానన్నారు.”

“నాకెరుకే. నాతోని గుడ గట్లనే అన్నది. ఐతారం పోత పోత అన్నది, మల్ల ఏమైందో, ఆ దవాఖానకు పోనంటె పోనన్నది. ఎందుకే అంటె చెప్పది. మొండిది మేడం. నీ పాణం మీదికి నువ్వే తెచ్చుకున్నవని మస్తు కొట్లాడిన.”

నోరు తెరవడానికి అంతకన్నా మంచి సమయం నాకు మళ్లీ రాలేదు. నోట్‌బుక్కు తీసి, నేను రాసిన వాక్యం చూపించాను. అతను తల ఊపాడు. కొడుకుకు కూడా ఆమె చెప్పలేదు. ఒక చదువుకున్న పిల్ల తన మాటను చూసి నవ్విందని చెప్పుకోవడానికి ఆమెకే సిగ్గేసిందా? సిగ్గుపడాల్సింది నేను కదా. చెప్పాలనిపించే రోజుకు ఆమెకు మాటే లేదు.

రాష్ట్రం రాకముందే ఆమె పోయింది. చిన్న డాక్టరమ్మ అప్పటికే వెళ్లిపోయింది. కాంపౌండరుకు ఆ మధ్యాహ్నం గుర్తుండే అవకాశం లేదు. ఆ ఫోను సంగతి తెలిసినదాన్ని ఇక నేనొక్కదాన్నే. పరీక్ష చేయించుకున్నా బతికేది కాదేమోనని నాకు నేను చెప్పుకున్న రోజులున్నాయి. అదెవరూ చెప్పలేరు. ఆమె ఎందుకు రాలేదో మాత్రం నేను చెప్పగలను.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేదు. కొడుకు భూపాలపల్లిలోనే ఉన్నాడో లేదో తెలియదు. ఎక్కడున్నా, తల్లిని తలుచుకున్నప్పుడల్లా మొండిదనే అనుకుంటూ ఉంటాడు. అందుకే ఇది రాశాను.

అన్నా, మీ అవ్వ నాతో రానన్లేదు. బండి దొరికితే వస్తానన్నది. ఆమె రాకుండా చేసింది నేను.