మామిడి కొత్త కాకముందు

మమ్మల్ని సాగనంపిన రోజు మా ఊరి చర్చిలో వేసిన దండలు చూస్తే ఏ ఆఫ్రికాకో వెళ్తున్నామని అనుకోవాలి. వెళ్లింది శ్రీకాకుళం జిల్లాకి. గుడివాడ పక్కన పుట్టి పెరిగిన మాకు అప్పట్లో రెండూ ఒకటే దూరం. మా అత్తగారు ఆవకాయ డబ్బాలు, దోమతెర, తలనొప్పి మందు సర్దిచ్చి, "అక్కడ మనుషులు మన మాట మాట్లాడతారా?" అని అడిగారు. "తెలుగేనమ్మా" అన్నాడు మా ఆయన ధీమాగా. తెల్లారి ఆమదాలవలస స్టేషన్లో దిగి టీ కొట్టు ముందు నిలబడితే కొట్టాయన "ఏటి కావాలి, బేగి సెప్పండి" అన్నాడు. మా ఆయన నా మొహం చూశాడు. టీ నేనే చెప్పాను. ఇక్కడి వాళ్లతో మాట్లాడే పని ఆ రోజు నుంచీ నా మీదే పడింది.

మేము పనిచేసేది కొత్తూరు దాటాక, కొండల మొదట్లో ఉన్న మిషన్ తోటలో. ఊళ్లో అందరూ "దొరల తోట" అంటారు. దొరలు ఎప్పుడో వెళ్లిపోయారు, పేరు మిగిలింది. బోలెడన్ని జీడిచెట్లు, ఆవులూ గేదెలూ ఉండే సాల, ఒక పాత పెంకుటిల్లు, దాని పక్కన రేకుల షెడ్డు. ఆ షెడ్డే బడి, పిల్లలు పడుకునేదీ అక్కడే. కొండ మీది సవర ఊళ్ల నుంచి ఇరవై చిల్లర పిల్లలు వచ్చి మా దగ్గర ఉండి చదువుకునేవారు. పాలు అమ్మితే వచ్చేదానితోనే వాళ్ల తిండి, పుస్తకాలు.

మా ఆయన లెక్కల మాస్టారు. ఇక్కడికి రాకముందు ఆవు తోక కూడా ముట్టుకుని ఎరగడు. రెండు నెలలు తిరిగేసరికి ఆవులకి పేర్లు పెట్టి, నాతో కంటే వాటితోనే ఎక్కువ మాట్లాడటం మొదలుపెట్టాడు. పొద్దున్నే పాలు పితుకుతూ ఎక్కాలు చెప్పించేవాడు. పిల్లలు సాల ఊడుస్తూ పన్నెండో ఎక్కం అప్పజెప్పేవారు. ఎక్కడైనా తప్పితే ఆవు కాస్త కదిలేది, మా ఆయన "చూశావా, దానికి కూడా తెలిసింది" అనేవాడు. పిల్లలు నిజమే అనుకునేవారు. నేనూ కొన్నాళ్లు నిజమేమో అనుకున్నాను.

పితకడం అయ్యాక చోడి అంబలి, అంటే మన రాగి జావే, ఒక చిన్న ప్రార్థన, తర్వాత బడి. మా ప్రార్థనకి పిల్లలు వచ్చి తీరాలని లేదు. వాళ్లని పంపేముందు ఊరి పెద్దలు అడిగింది ఆ ఒక్క మాటే. "సదువు సెప్పండి. మా పిల్లల్ని మా దేముళ్ల దగ్గిర నుంచి తప్పించకండి" అన్నారు. మా ఆయన సరేనని వాళ్ల చేతులు పట్టుకుని మాట ఇచ్చాడు. ఆ మాటే చెప్పుకుంటూ వానాకాలమంతా ఆ కొండ దారుల్లో జారిపడుతూ ఇల్లిల్లూ తిరిగాం. అంత తిరిగితేగాని ఆ పిల్లలు రాలేదు.

శనివారం కింద ఊళ్లో సంత. సంతకి దిగే తల్లులు దారిలో మా దగ్గర ఆగి పిల్లల తలలు నిమిరి, పేలు చూసి, ఒక పనసపండో, గుప్పెడు కందులో నా చేతిలో పెట్టి వెళ్లేవారు. వద్దంటే ఒప్పుకునేవారు కాదు. పదేళ్ల పిల్ల ఒకతి ఉండేది మా దగ్గర, అందరికంటే పెద్దది, చదువులో చురుకు. ఆ పిల్లకి తల్లి లేదు, నాయనమ్మ వచ్చేది. నాయనమ్మకి మాటలు తక్కువ. వచ్చి పిల్ల పక్కన కూర్చుని, పలక మీద రాసింది చదవడం రాకపోయినా చాలాసేపు చూసి, లేచి వెళ్లిపోయేది.

ఆ పిల్లనీ, ఇంకో నలుగురినీ గురుకులం ప్రవేశ పరీక్షకి తయారుచేశాం. అందులో సీటు వస్తే పై చదువంతా సాగిపోతుంది, మా తోట ఉన్నా లేకపోయినా వాళ్ల దారి వాళ్లకి ఉంటుంది. పరీక్ష ఆదివారం పెట్టారని మా ఆయన కాస్త గొణిగాడు, తర్వాత దేవుడికి తెలియదా అని ఊరుకున్నాడు.

పరీక్షకి పది రోజుల ముందు మా వంటమ్మ మేనల్లుడి పెళ్లికని టెక్కలి వెళ్లింది. కింద ఊరి రైతుల ఇంటావిడ, ఒకరోజు నాగా పెట్టి ఎరగదు. "ఏటీ పర్వానేదు, ఉన్నవే వండుకోండి" అని చెప్పి మరీ వెళ్లింది. ఉన్నవే వండుకుంటే ఈ కథ లేదు. ఆ రోజు పొద్దున గాలికి సాల వెనక చెట్టు నుంచి మామిడి పిందెలు రాలాయి. కృష్ణా జిల్లా మనిషి కంటికి నేల మీద మామిడికాయ కనబడితే ఇంక చెయ్యి ఊరుకుంటుందా? మా ఆయన ఒడిలో ఏరుకుని వచ్చి, లుంగీ ఎగగట్టి, తనే పప్పు వండాడు. ఇంగువ తాలింపు వాసన బడిదాకా వచ్చింది. నేను కూడా లొట్టలు వేసుకుంటూ వచ్చి కూర్చున్నానని చెప్పాలి.

పిల్లలు కంచాల ముందు కూర్చున్నారు. ఎవరూ చెయ్యి పెట్టలేదు. పులుపు కాబోలని మా ఆయన బెల్లం వేసి మళ్లీ వడ్డించాడు. అయినా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. "అన్నం ముందు అలా కూర్చోకూడదురా, తినండి" అన్నాడు. చిన్నవాళ్లు తిన్నారు. అయ్యగారు చెప్పారు కాబట్టి తిన్నారు, అంతే. ఆ పెద్దపిల్ల మాత్రం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒంట్లో బాగాలేదేమోనని నుదురు ముట్టుకుని చూశాను. చల్లగానే ఉంది.

మర్నాడు శనివారం. తల్లులు సంతకి దిగుతూ ఆగారు, పిల్లలతో ఏవో నాలుగు మాటలు సవర భాషలో అనుకున్నారు, సంతకి వెళ్లలేదు. ఎవరూ కేకలు వేయలేదు. పిల్లల బట్టలు తీసుకుని, చిన్నవాళ్లని చంకనెత్తుకుని నడవడం మొదలుపెట్టారు. నాయనమ్మని పట్టుకుని ఏం జరిగిందమ్మా అని అడిగాను.

"మామిడి కొత్త అవ్వనేదు" అంది ఆవిడ. "ఊరు కొత్త సేసుకోకుండా కాయ నోట్లో ఎట్టకూడదు. పోయిన మా పెద్దోళ్లకి ఎట్టినాకే మేం తింటాం. ముందు తింటే పిల్లలకి జొరాలొస్తాయి."

"మాకు తెలీదమ్మా" అన్నాను.

"తెల్దని మేం అనుకుంటన్నాం. ఊళ్లో అలాగనుకోరు. మాటిచ్చి తప్పినారంటారు."

మా ఆయన అటు పక్క నుంచి "మామిడికాయ తింటే జ్వరం ఎందుకు..." అని మొదలుపెట్టాడు. పాఠం చెప్పే అలవాటు మరి. గట్టిగా కాలు తొక్కాను. ఆగిపోయాడు. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ పరీక్ష అట్టా, పెన్నూ నా బల్ల మీద పెట్టింది. దాని మొహం చూడలేకపోయాను.

ఆ తర్వాత రోజుల్లో తోటంత బోసిగా నేనెప్పుడూ ఏ ఇంటినీ చూడలేదు. మా ఆయన పాలు పితుకుతూ అలవాటుగా ఎక్కం ఎత్తుకుని, రెండో మాటకి ఆపేసేవాడు. నా మీద విసుక్కున్నాడు. "వాళ్లు ఒక్క ముక్క చెప్పొచ్చు కదా" అన్నాడు. "చెప్పడానికి నువ్వు సందు ఇచ్చావా, గరిటె పట్టుకుని మీద నిలబడ్డావ్" అన్నాను. ఇద్దరం చెరో గుమ్మంలో కూర్చున్నాం. పెళ్లి నుంచి వచ్చిన వంటమ్మ సంగతి విని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"కొత్త కాకుండా ఎట్టీసినారా? అయ్యో, నాను రెండ్రోజులు నేకపోతే కొంప ముంచీసినారు కదండీ. ఇప్పుడేటి సేత్తారు?"

"వెళ్లి క్షమించమని అడుగుతాం."

"ఎల్లండి. ఎల్లి కూకోండి. అయ్యగోరిని మాత్రం మాటాడనీకండి" అంది. ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో ఆ రోజే తెలిసింది.

మర్నాడే కొండ ఎక్కాం. దారి పొడుగునా నేను ఒక్కటే అడిగాను దేవుణ్ణి. ఆ పిల్లని పరీక్షకి పంపేలా చూడు, మిగతావాళ్లని తర్వాతైనా పంపించు. ఇంకేమీ వద్దు. నాయనమ్మ వాళ్ల ఊరి మొదటికి చేరేసరికి డప్పులు వినబడ్డాయి. పందిట్లో ఊరంతా ఉంది. మామిడి కొత్త ఆ రోజే చేస్తున్నారు. కాయ ఇంకా ముదరలేదు, మామూలుగా అయితే చాలా రోజులు ఆగేవారట. పిల్లలు తినేశారు కాబట్టి ఊరి పూజారితో మాట్లాడుకుని పండగనే ముందుకి జరుపుకున్నారు. పిల్లల మీద తప్పు నిలవకుండా ఊరంతా కలిసి దిద్దుకుంటున్నారు. మేమేమో వాళ్లింకా కోపంగా ఉన్నారనుకుంటూ వచ్చాం.

మమ్మల్ని చూసి ఎవరూ మొహం తిప్పుకోలేదు. నాయనమ్మ తన అరుగు మీద చాప పరిచింది. ఆ పిల్ల చెంబుతో నీళ్లు ఇచ్చి నా పక్కనే కూర్చుంది. మా ఆయన ఊరి పెద్దాయన దగ్గరికి వెళ్లి, వంటమ్మ మాట కాదని రెండు మాటలే అన్నాడు. "తెలీక పెట్టాను. క్షమించండి." పెద్దాయన అతని భుజం తట్టి "కూకోండి, కొత్త అయినాక తిని ఎల్దురు" అన్నాడు.

అక్కడే వచ్చింది చిక్కు. పూజలో పెట్టింది మేము తినం. ఎవరినో తక్కువ చేయాలని కాదు, మా ఇంట్లో మేము పెరిగిన పద్ధతి అది. మా ఆయనకైతే ఆ విషయంలో పట్టింపు ఎక్కువ. ఇప్పుడు తినకపోతే? క్షమించమని వచ్చినవాళ్లు విస్తరి ముందు నుంచి లేచిపోతే ఆ పిల్లల్ని మళ్లీ ఏ మొహంతో అడగాలి? మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఆమదాలవలసలో టీ కొట్టు ముందు చూసిన చూపు కాదు, నిజంగా భయపడ్డ మనిషి చూపు.

పూజ అయింది. పూజారి ముందు నోట్లో పెట్టుకున్నాడు, తర్వాత పెద్దలు, తర్వాత అందరూ. సామల అన్నం, మామిడి ముక్కలేసి వండిన కందిపప్పు. పిల్లలు ఈసారి కంచాల మీద పడి తింటున్నారు. నాయనమ్మ ఇంట్లోకి వెళ్లి, మూత పెట్టిన గిన్నె తెచ్చి, రెండు అడ్డాకు విస్తళ్లలో మాకు వేరేగా వడ్డించింది.

"ఇది మీది అమ్మగోరూ. పూజకి ఎట్టకముందే తీసి ఇంట్లో ఉంచినాను. మొక్కిన కూడు మీరు తినరని మా గుంట సెప్పినాది. ఇప్పుడు కొత్త అయిపోనాది, మాకూ తప్పు నేదు, మీకూ తప్పు నేదు. మీ దేముడికి సెప్పుకోని తినండి."

దసరాకి ఎవరో ప్రసాదం ఇస్తే మేము తీసుకుని, తినకుండా పక్కన పెట్టాం. ఆ పిల్ల అది చూసిందన్నమాట. మేము వస్తామని కూడా ఈవిడకి ఎవరూ చెప్పలేదు. వస్తే ఎలా అని ముందే ఆలోచించి, మా కోసం గిన్నె పక్కన పెట్టుకుని ఉంది. తన మనవరాలికి మేము ఏం తినిపించబోయామో అదే కాయ, అదే పప్పు.

మా ఆయన భోజనం ముందు ప్రార్థన మొదలుపెడితే పప్పు చల్లారాల్సిందే, అంత పొడుగు చేస్తాడు. ఆ రోజు "తండ్రీ" అని, అక్కడే ఆగిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు తినడం ఆపి ఓపిగ్గా చూస్తున్నారు. అందుకని నేను అందుకున్నాను. కొండ ఎక్కినంతసేపూ మనసులో అనుకుంటూ వచ్చిన మాట ఒక్కటి ఉంది కదా, పిల్లని పరీక్షకి పంపించమని. అది అడగడం మర్చిపోయాను. ఈ అమ్మని చల్లగా చూడమన్నాను, ఈవిడ వండిన గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలన్నాను, మమ్మల్ని ఈ ఊరికి తెచ్చినందుకు నీకు దండం అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క తోచలేదు.

కళ్లు తెరిచేసరికి నాయనమ్మ అరుగు మీద లేదు. లోపల గదిలో మనవరాలి బట్టలు మడతపెట్టి మూట కడుతోంది.