పొయ్యి ముట్టని పని

పుట్టపర్తిలో సోమశేఖర్ హోటలుకు కొత్తగా వచ్చిన తెల్లవాళ్లు వంటింటి కిటికీలోంచి లోపలికి చూసి ఉలిక్కిపడేవాళ్లు. వెనక గుమ్మం పక్కన, పీట మీద, మణికట్లు దాటి ఎర్రబడిన చేతులతో ఒక ఆడమనిషి కూర్చొని ఉండేది. ఆమె ముందున్న బేసిన్లో బీట్‌రూట్ తురుము కనిపించాక నవ్వుకొని, తలా ఒక శాండ్‌విచ్ చెప్పి బల్లల దగ్గరికి పోయేవాళ్లు.

ఆమె పేరు ఆంజినమ్మ. తనకల్లు దగ్గర ఒక పల్లెలో మాదిగగేరి ఆమెది. శెనక్కాయ చెట్టు పీకితే కాయ లేక ఉత్త వేరు చేతికొచ్చిన ఏడాది ఆ ఊళ్లో సగం మంది బెంగుళూరు బస్సెక్కుతారు. ఆంజినమ్మ కూడా మొగుడు సుంకన్న వెంట ఎక్కింది. ఏళ్లపాటు సిమెంటు మోసింది. ఆ కట్టిన ఇళ్లలో ఇప్పుడు ఎవరుంటున్నారో ఆమెకు తెలియదు గానీ, ఆ ఇళ్ల దుమ్ము మాత్రం ఆమె రొమ్ములో కాపురముంది. మళ్లీ సిమెంటు పనికి పోతే మనిషి దక్కదని కదిరిలో డాక్టరు చెప్పాడు. ఆమె పక్కనే నిలబడి ఉండగా, ఎద్దును గురించి చెప్పినట్టు, సుంకన్నకు చెప్పాడు. సుంకన్న ఒక్కడే తిరిగి బెంగుళూరు పోయాడు. ఆమె దుమ్ము లేని పని వెతుక్కుంటూ పుట్టపర్తికి వచ్చింది. ఆ కరువు సీమలో దుమ్ము లేని పని దొరకడం నీళ్లు దొరకడం కంటే కష్టం. ఆమెకు దొరికింది ఈ హోటలు ఒక్కటే.

చేరిన రోజు సోమశేఖర్ తల్లి వరలక్ష్మమ్మ రెండు ప్రశ్నలడిగింది. ఏ ఊరు అన్నది మొదటిది. ఊళ్లో ఏ పక్క ఉంటారు అన్నది రెండోది. కులం పేరెత్తి అడగడం మర్యాద కాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు, అందుకని ఏ పక్క అని అడుగుతారు. ఆంజినమ్మ ఉన్నమాట చెప్పింది. బయట కొళాయి దగ్గర గిన్నెలు తోమే పని ఇచ్చారు. నీళ్లు తాగడానికి ఒక గ్లాసు ఇచ్చి, దాన్ని ప్రహరీ గోడ మీద పెట్టుకోమన్నారు. దీన్ని ఈ రోజుల్లో ఎవరూ అంటరానితనం అనరు. శుభ్రం అంటారు.

ఆమె లోపలికి రావడానికి కారణం బీట్‌రూట్. సోమశేఖర్ కొడుకు సుమంత్ బెంగుళూరులో చదివి వచ్చి, తెల్లవాళ్లు ఉడకబెట్టింది తినరు, పచ్చిది తింటారు అని పచ్చి బీట్‌రూట్ శాండ్‌విచ్ ఒకటి పెట్టాడు. ఇక్కడ ప్రతిదీ ప్రేమతో తయారవుతుందని ఇంగ్లీషులో బోర్డు రాయించాడు. గడ్డలు తురిమే పని వంటమనిషి నాగలక్ష్మికి వచ్చింది. రెండు రోజులు తురిమి, చేతులు చూసుకొని, నేను కాపోళ్ల ఆడదాన్ని, ఇట్లా కసాయిదాని మాదిరి కనపడితే ఎవరైనా ఏమనుకుంటారు అని ఆమె మొండికేసింది.

ఎవరితో చేయించాలన్న మాట వచ్చినప్పుడు వరలక్ష్మమ్మే దారి చూపించింది. సంతలో కూరగాయలు ఎవరి చేతినుంచైనా కొంటాం, బియ్యం ఎవరు దంచినా తింటాం. పొయ్యి ఎక్కిన తరువాతనే కదా మైల. బీట్‌రూటు పొయ్యి ఎక్కదు, బ్రెడ్డు బజారునుంచి వచ్చేది. పచ్చిదానికి ఎవరి చెయ్యైతే ఏమి అన్నది. అలా ఆంజినమ్మకు వెనక గుమ్మం పక్కన పీట వేశారు. పొయ్యి దిమ్మె వైపు మాత్రం పోకూడదు. శెనక్కాయలు వేయించాలన్నా నాగలక్ష్మే వేయించి గిన్నెలో పోసి, ఆ గిన్నెను ఇటు జరపాలి.

ఆంజినమ్మకు ఆ పీట చాలనిపించింది. తడి గడ్డలు, తడి చేతులు, తడి నేల. రొమ్ములో పిల్లికూత తగ్గింది. గడ్డ తోలు తీసి, పెద్ద కళ్ల తురుముకోలు మీద తురిమి, ఉప్పు చల్లి కాసేపు వదిలేసేది. తరువాత పిడికిట్లో గట్టిగా పిండేది. రసం పోకపోతే బ్రెడ్డు ముద్దవుతుంది. నిమ్మకాయ, కొత్తిమీర, చిన్న పచ్చిమిరప తరుగు, కచ్చాపచ్చాగా దంచిన శెనగ్గింజలు కలిపేది. ఒక బ్రెడ్డు ముక్కకు నీళ్లు వడగట్టిన గట్టి పెరుగు పూసి, క్యాబేజీ ఆకు పరిచి, ఆ పైన తురుము పెట్టి, ఇంకో ముక్క మూసేది. మట్టివాసన వేసే ఆ గడ్డను డబ్బులిచ్చి ఎందుకు తింటారో ఆమెకు అంతు పట్టలేదు. ఆవు కూడా ఉడకేస్తే ఇంకా బాగా తింటాది కదక్కా అని నాగలక్ష్మితో అంటే, ఆవుకు ఇంగ్లీషు రాదు కాబట్టి అట్ల తింటాది అని నాగలక్ష్మి నవ్వేది. ఆ ఇద్దరి మధ్యా అలాంటి మాటలు నడిచేవి.

ఒక రోజు సాయంత్రం హోటలు నిండా జనం. వరలక్ష్మమ్మ భజనకు పోయింది. ఒక ముసలి తెల్లామె శాండ్‌విచ్ చెప్పి, పళ్లు జివ్వుమంటాయి, బ్రెడ్డు వెచ్చగా కావాలన్నది. వేడి చేసి పంపమని సుమంత్ కిటికీలోంచి కేకేసి పోయాడు. నాగలక్ష్మి పెరట్లో ఫోను పట్టుకొని చెల్లెలితో మాట్లాడుతోంది. ఆంజినమ్మ పోయి చెప్పింది.

"రెండు బ్రెడ్డు ముక్కలు కాల్చేదానికి నేను రావల్లనా? పెనం మీదేసి తిప్పు, పో."

"నన్ను పొయ్యి తావుకు పోవద్దన్నారు కదక్కా."

"ముసిల్ది భజనలో ఉండాది. చూసేదెవరు?"

సుమంత్ రెండోసారి కేకేశాడు. ఆంజినమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. బీట్‌రూట్ ఎరుపు తుడిస్తే పోయేది కాదు. పొయ్యి దిమ్మె దగ్గరికి పోయి, మీట తిప్పి, మంట వెలిగించి, ఇనుప పెనం మీద నెయ్యి చుక్క రాసి రెండు ముక్కలూ కాల్చింది. తురుము పెట్టి పళ్లెం పంపించి, మంట ఆర్పి, తన పీట మీదకు వచ్చి కూర్చుంది. అంతే. ఎవరూ చావలేదు. ఏ దేవుడూ గుడి దిగిపోలేదు.

వరలక్ష్మమ్మ నొసట విభూతితో భజననుంచి వచ్చి, మంచినీళ్లు కాచుకోవడానికి పొయ్యి దగ్గరికి పోయింది. మీట తెల్లది. దాని మీద ఎర్రగా బొటనవేలు. పెనం పిడి మీద నాలుగు వేళ్లు. గోడ తెల్లరాళ్ల మీద ఇంకొకటి.

"ఈ వేళ్లు ఎవరివి?"

గట్టిగా కూడా అడగలేదు. ఆంజినమ్మ చేతులు ఒళ్లో దాచుకుంది. నాగలక్ష్మి ముందే మొదలుపెట్టింది. నేను పెరట్లో ఉంటి, నాకు తెలియనే తెలియదు, తెలిసుంటే చెయ్యి పట్టుకొని ఆపి ఉండేదాన్ని అన్నది. అలా అంటూ ఆంజినమ్మ మొహంలోకి చూడలేదు. ఇంక మిగిలింది సుమంత్. కేక వేసింది అతనే. ఒక్కమాట చెబితే చాలునని ఆంజినమ్మ అతని వైపు చూసింది.

"వేడి చెయ్యమన్నా. నిన్ను చెయ్యమన్నానా?" అన్నాడు సుమంత్.

సోమశేఖర్ గల్లాపెట్టె దగ్గరనుంచి లేచి వచ్చాడు. మెత్తటి మనిషి. తనకు ఇట్లాంటి పట్టింపులు ఒక్కటి కూడా లేవని, ఆంజినమ్మకే ఆ సంగతి తెలుసునని, అయితే అమ్మ పెద్దామె అని చెప్పాడు. పట్టింపులు లేనివాళ్ల ఇంట్లో పట్టింపులన్నీ ఎప్పుడూ పెద్దవాళ్ల పేరు మీదనే ఉంటాయి. పొలం మాదిరి అవి కూడా వారసత్వంగా చేతికొస్తాయి.

ఆంజినమ్మ నేల మీద కూర్చుండిపోయింది. "తప్పైపోయిందమ్మా. ఇంక గడప తొక్కను. ఆడ కొళాయి కాడనే కూర్చోని తురిమిస్తా. నన్ను పంపొద్దమ్మా. సిమెంటు పనికి పోతే నేను బతకను."

"నిన్ను సావమని ఎవరన్నారే? మా పద్ధతి మాది, అంతే." వరలక్ష్మమ్మ గొంతులో కోపం లేదు. నాగలక్ష్మిని పిలిచి దిమ్మె అంతా పసుపునీళ్లతో కడగమని పురమాయించింది. పెనం వైపు చూసి కాసేపు ఆలోచించింది. "అది నువ్వే తీసుకోనిపో ఆంజినమ్మా. మంచి ఇనుము. మేమింక దాన్ని పొయ్యి మీద పెట్టం."

ఇచ్చిన మనిషి దండం కోసం ఎదురుచూసింది. ఆంజినమ్మ పెనం అందుకొని దండం పెట్టింది.

అప్పుడే ఆ ముసలి తెల్లామె ఖాళీ పళ్లెంతో కిటికీ దగ్గరికి వచ్చి, ఇది చేసిన మనిషిని చూడాలన్నది. ఆంజినమ్మ లేచి వచ్చింది. తెల్లామె ఆమె ఎర్ర చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకొని ఏదో చెప్పింది. నీ చేతుల్లో దేవుడున్నాడు అంటాంది అని సుమంత్ తెలుగు చేశాడు. ఫొటో తీస్తానన్నాడు. వరలక్ష్మమ్మ కూడా వచ్చి నిలబడింది, మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు వదిలి.

"నవ్వు ఆంజినమ్మా," అన్నాడు సుమంత్.

ఆంజినమ్మ నవ్వింది. బాగా నవ్వితే ఉంచుకుంటారేమో అనిపించింది. పెనం రొమ్ముకు ఆనించుకొని, పళ్లన్నీ కనబడేలా, అతను ఇంకా కొంచెం అన్న ప్రతిసారీ ఇంకా కొంచెం నవ్వింది. తెల్లామె కళ్లు తుడుచుకొని వెళ్లిపోయింది.

"రేప్పొద్దున ఎన్ని గడ్డలు తురమల్ల సామీ?" అని అడిగింది ఆంజినమ్మ.

సుమంత్ ఫోనులో ఫొటో చూస్తున్నాడు. "రేపట్నుంచి వద్దులే. నాగలక్ష్మి చూసుకుంటాది."

నాగలక్ష్మి గుడ్డతో దిమ్మె తుడుస్తూనే ఉంది.

ఫొటో బాగా వచ్చింది. సుమంత్ దాన్ని పెద్దది చేయించి, బోర్డు కింద బిగించాడు. వచ్చినవాళ్లు ఆ ఎర్రచేతుల నవ్వును చూసి శాండ్‌విచ్ చెబుతున్నారు. తురుము ఇప్పుడు మిక్సీలాంటి యంత్రంలో వస్తోంది, నాగలక్ష్మి చేతులకు రబ్బరు తొడుగులు కొనిచ్చారు.

ఆంజినమ్మ ఊళ్లో కొన్నాళ్లు చూసింది. పనిలేదు, వానలేదు. మళ్లీ బెంగుళూరు బస్సెక్కింది. సుంకన్న పనిచేసే చోట కొత్త అపార్ట్‌మెంటు లేస్తోంది. అక్కడి మేస్త్రీ ఆమెను పైనుంచి కిందికి చూసి, దగ్గేమన్నా ఉండాదా అని అడిగాడు. దగ్గే మనుషులను పనిలో పెట్టుకోవద్దని మేస్త్రీలకు పైవాళ్లు చెప్పారు. సుంకన్న తల వంచుకొని ఇసుక జల్లిస్తున్నాడు.

"లేదన్నా," అన్నది ఆంజినమ్మ.

మేస్త్రీ అవతలి వరసకు పోయేదాకా ఊపిరి బిగబట్టుకొని నిలబడింది. తరువాత కొంగు ముక్కుకు బిగించి కట్టుకొని తట్ట ఎత్తుకుంది.