చెక్‌లిస్టులో లేని మాట

ఆ విమానాల కంపెనీలో అందరూ ఆయన్ని క్లాజుగారు అనేవారు. కాంట్రాక్టులో ఏ క్లాజు, అంటే ఏ షరతు, ఏ పేజీలో ఉందో పుస్తకం తెరవకుండా చెప్పగలడు. క్యాంటీన్‌లో కాఫీ చల్లారిపోయిందని ఎవరైనా సణిగితే చాలు, విశ్రాంతి వేళ సిబ్బందికి వేడి పానీయం ఇవ్వాలని ఫలానా చోట రాసుందని గుర్తుచేసి, వేడిది తెప్పించేదాకా ఊరుకునేవాడు కాదు. పైలట్ల యూనియన్‌కి కార్యదర్శి, మేనేజ్‌మెంటుకి కొరకరాని కొయ్య. ఇంట్లో మాత్రం ఆయన క్లాజులేవీ చెల్లేవి కావు. అక్కడ భార్యదే చివరి మాట, దానిమీద అప్పీలు లేదు.

ఆయన ఊరికే అలా తయారవలేదు. ముప్పై దాటాక, మొదట పనిచేసిన కంపెనీ ఒకరోజు ఉన్నట్టుండి మూతపడింది. ఈ వృత్తిలో ఒక దిక్కుమాలిన పద్ధతి ఉంది. ఎన్నేళ్లు విమానం నడిపినవాడైనా సరే, కంపెనీ మారితే మళ్లీ వరస చివర నిలబడాలి. ఏ విమానం ఇస్తారు, ఎప్పుడు సెలవు దొరుకుతుంది, కెప్టెన్ ఎప్పుడవుతాడు, ఉద్యోగాలు ఊడితే ముందు ఎవరిది ఊడుతుంది, అన్నీ ఆ వరసే తేలుస్తుంది. దాన్నే సీనియారిటీ అంటారు. కెప్టెన్‌గా ఎడమ సీట్లో కూర్చున్న మనిషి మళ్లీ కుడి సీట్లోకి జరిగి, తనకన్నా చిన్నవాళ్లకి 'సరే సార్' అంటూ ఏళ్లు గడిపాడు. ఆ అవమానం ఆయన మర్చిపోలేదు. మర్చిపోలేనివాడు అదే పని ఇంకొకడికి చేయకూడదు కదా. చేశాడు.

రెండేళ్ల కిందట వాళ్ల కంపెనీ ఒక చిన్న కంపెనీని కొనేసింది. రెండు వరసలూ కలిపి ఒకటి చేయాలి. అక్కడివాళ్ల పాత ఏళ్లని లెక్కలోకి తీసుకుంటే ఇక్కడివాళ్లు వెనక్కి పోతారు. క్లాజుగారు పట్టుబట్టి, కొట్లాడి, అక్కడివాళ్లందరినీ వరస చివర చేర్పించాడు. ఇక్కడివాళ్లు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. చివరికి నెట్టబడ్డవాళ్లలో ఆయన బావమరిది ఒకడు, భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. అక్కడ కెప్టెన్‌గా ఉన్నవాడు ఇక్కడికొచ్చేసరికి కో-పైలట్ అయ్యాడు.

"నీకిలా జరిగినప్పుడు నువ్వెంత కుమిలిపోయావో అక్క చెప్పింది బావా" అన్నాడు అతను.

"నాకు ఓటేసినవాళ్ల తరఫున మాట్లాడాలిరా నేను. బావమరిదివని నీకొక్కడికి వేరే రూలు పెట్టించలేను."

"నాకొక్కడికి పెట్టమన్నానా? మా అందరి సంగతీ అడుగుతున్నా."

కాంట్రాక్టు కంఠతా వచ్చిన ఆ మనిషి, మీటింగుకి టైమైందంటూ లేచాడు.

ఆ తర్వాతే సమ్మె వచ్చింది. కొత్త కాంట్రాక్టులో విశ్రాంతి గంటలు పెంచాలని యూనియన్ విమానాలు ఆపేసింది. మేనేజ్‌మెంటు తెలివిగా చిన్న కంపెనీ వాళ్లని విడిగా పిలిచి, ఇప్పుడు విమానాలు నడిపితే మీ పాత ఏళ్లు మీకు తిరిగిస్తామంది. బావమరిది నడిపాడు. సమ్మె సగం గెలుపుతో ముగిసి చర్చలు మొదలయ్యాయి. పాత ఏళ్ల సంగతి మాత్రం మేనేజ్‌మెంటు మళ్లీ ఎత్తలేదు.

యూనియన్ కోపం మాత్రం చల్లారలేదు. సమ్మెలో నడిపినవాళ్లతో ఎవరూ మాట్లాడకూడదని తీర్మానం చేసింది. కాక్‌పిట్‌లో చెక్‌లిస్టు మాటలు తప్పవు కాబట్టి అవి చదవచ్చు. ఇంధనం చూశావా, చూశాను. చక్రాలు దించావా, దించాను. అంతకుమించి పలకరింపు గానీ, కబుర్లు గానీ, పక్కవాడి చేతికి ఒక టీ కప్పు అందించడం గానీ ఉండకూడదు. కొత్త కాంట్రాక్టులో వీళ్లు ఎప్పటికీ వరస చివరే ఉండాలన్న షరతు కూడా చేరింది. తీర్మానం, షరతు రెండూ రాసింది క్లాజుగారే. ఆయన రాస్తే వంక పెట్టడానికి ఉండదని పేరు.

"మా తమ్ముడు ఫోన్ చేస్తే మీరు బాల్కనీలోకి పారిపోతారేం?" అని నిలదీసింది భార్య.

"పారిపోవట్లేదు. గాలి కోసం వెళ్తున్నా."

"ఇంట్లో కూడా నడుస్తోందన్నమాట మీ తీర్మానం. అయితే రేపట్నించి నేనూ చెక్‌లిస్టే చదువుతా. అన్నం తిన్నారా, తిన్నాను. పడుకున్నారా, పడుకున్నాను. సరిపోతుందా?"

ఆయనకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఎవరు ఏ విమానం నడపాలో రోస్టర్ తయారుచేసే వాళ్లకి ఈ చుట్టరికాలతో పనిలేదు. వచ్చే సోమవారం కాంట్రాక్టు మీద సంతకాలనగా, బావనీ బావమరిదినీ ఒకే విమానంలో వేశారు.

వెనక సీట్లన్నీ నిండి ఉన్నాయి. దిగవలసిన ఊరి మీద మధ్యాహ్నమే చీకటి కమ్మినట్టు మబ్బు పట్టి ఉంది. బావ నడుపుతున్నాడు, బావమరిది రేడియో చూస్తున్నాడు. బయల్దేరినప్పటినుంచి ఇద్దరి మధ్యా నడిచినవన్నీ చెక్‌లిస్టు మాటలే. దిగడానికి కాసేపుందనగా, ఒక ప్రయాణికుడు కళ్లు తిరిగి పడ్డాడని కేబిన్ నుంచి పిలుపొచ్చింది. క్లాజుగారు ఆ మాట వినడానికి రేడియో వదిలాడు. సరిగ్గా అప్పుడే, ముందు దిగిన విమానం తాలూకు పైలట్ రేడియోలో ఒక సంగతి చెప్పాడు. రన్‌వే దగ్గర గాలి ఒక్కసారిగా తిరగబడుతోందట. తన విమానం వేగం కోల్పోయి కిందకి జారిందట.

బావమరిది విన్నాడు. క్లాజుగారు వినలేదు.

రేడియో వదిలి తిరిగొచ్చిన ప్రతిసారీ పక్కనున్నవాణ్ణి "ఏమైనా విశేషమా?" అని అడగడం క్లాజుగారి అలవాటు. పెళ్లివారింట కుశలం అడిగినట్టు అడుగుతాడని కుర్ర పైలట్లు ఆయన్ని అనుకరించి నవ్వుకునేవారు. ఆ రోజు మాత్రం ఆయన అడగలేదు. ఆ ప్రశ్న చెక్‌లిస్టులో లేదు. పక్క సీటులో అతను నోరు తెరవబోయి మళ్లీ మూసుకోవడం ఆయన ఓరకంట చూశాడు. చూసి కూడా ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

మబ్బులోంచి బయటపడేసరికి రన్‌వే దీపాలు కనిపించాయి. అంతా బాగానే ఉందనుకునేలోపు విమానం కింద ఆసరా లేనట్టు జారింది. వేగం చూపే ముల్లు పడిపోతోంది. హెచ్చరిక గొంతు మొదలైంది.

"బావా! పైకి! పైకెత్తు!"

క్లాజుగారు రెండు ఇంజన్లకీ ఉన్న బలమంతా ఇచ్చాడు. ఒక్క క్షణం విమానం ఎటూ పోలేదు. నేల మీది గడ్డి విడివిడిగా కనిపించేంత దగ్గరికొచ్చింది. వెనకనుంచి అరుపులు తలుపు దాటి వినిపించాయి. అప్పుడు మెల్లగా, బరువుగా విమానం పైకి లేచింది. మబ్బు తేలిపోయేదాకా పైనే చక్కర్లు కొట్టి, రెండోసారి జాగ్రత్తగా దించారు. దిగి వెళుతున్న ఒక ముసలావిడ కాక్‌పిట్ తలుపు దగ్గర ఆగి చేతులు జోడించింది. ఆ దండాన్ని తీసుకోవడానికి ఇద్దరికీ మొహం చెల్లలేదు.

ఇద్దరూ విడివిడిగా ఆ సాయంత్రానికే రిపోర్టు ఇవ్వాలి. ముందు మేనేజర్ పిలిచాడు. ఒకప్పుడు ఆయనా పైలటే, ఇప్పుడు టై కట్టుకుని మేనేజ్‌మెంటు వైపు కూర్చుంటున్నాడు.

"కూర్చోండి క్లాజుగారూ. గాలి సంగతి రేడియోలో వచ్చింది. మీరు అప్పుడు కేబిన్‌తో మాట్లాడుతున్నారు. విన్నవాడు మీకు చెప్పలేదు. అంతే కదా? అంతే రాయండి."

"మీ మాట నమ్మి సమ్మెలో విమానం నడిపినవాడండీ వాడు."

"అది వేరే విషయం. ఇది వేరే విషయం."

బయటికి రాగానే యూనియన్ అధ్యక్షుడు ఫోన్ చేశాడు. "కుర్రాడు చెప్పలేదంటగా? అదే రాసెయ్. మన తీర్మానం మాట మాత్రం ఎక్కడా రానీకు. వచ్చిందంటే సోమవారం సంతకాల్లేవు, కాంట్రాక్టు లేదు. ఇన్నాళ్ల కష్టం గంగలో కలుస్తుంది" అన్నాడు.

సమ్మె మొదలైన దగ్గర్నుంచి యూనియనూ మేనేజ్‌మెంటూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొట్టమొదటి సంగతి ఇదే. బావమరిదిని బలి ఇవ్వడానికి ఇరువైపులా అభ్యంతరం లేదు. అతని లైసెన్సు పోతుంది, ఇంకే కంపెనీ గుమ్మం ఎక్కనివ్వదు. ఆ కాగితం రాయడానికి కలం పట్టుకున్నది సొంత బావ. క్లాజుగారికి ఒళ్లు మండింది. ముందు మేనేజర్ మీద, తర్వాత అధ్యక్షుడి మీద, ఆ కోపం తిరిగి తిరిగి చివరికి తన మీదే వచ్చి పడింది.

ఆయన రాశాడు. రేడియోకి తిరిగి వచ్చాక విశేషమేమిటని నేను అడగలేదు, అడగకపోవడం మా తీర్మానం, ఆ తీర్మానం రాసింది నేనే, నా సహచరుడి తప్పేమీ లేదు, అని సంతకం పెట్టి ఇచ్చేశాడు. కార్యదర్శి పదవి పోతుంది, కెప్టెన్ సీటూ పోవచ్చు. అయినా మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలికగా అనిపించింది. ఉన్నమాట చెప్పుకోవాలంటే కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఇంత నష్టపోయాను కాబట్టి మంచి పనే చేసి ఉంటాననుకున్నాడు.

అక్కణ్ణించి తిన్నగా బావమరిది ఇంటికి వెళ్లాడు. సంగతి తెలిసి భార్య అప్పటికే అక్కడికి చేరింది. తమ్ముడి ముందు పళ్లెం పెట్టి బతిమాలుతోంది. అతను తినడం లేదు. ఎదురుగా తెల్ల కాగితం, పక్కన మూత తీసిన కలం. ఇంకా ఒక్క ముక్కా రాయలేదు.

"నువ్వేం భయపడకురా. అంతా నా మీద వేసుకుని రాసిచ్చేశా" అన్నాడు క్లాజుగారు.

భార్య కళ్లు తుడుచుకుంది. బావమరిది తలెత్తలేదు.

"ఎందుకు రాశావు బావా?"

"నిజం కాబట్టి. నేను అడగలేదు."

"నాకు వినపడింది. ఆ మాట చెప్పడం నా పని. అది విమానం నడిపే రూల్సు పుస్తకంలోనే ఉంది, నీ తీర్మానం దాన్నేం ఆపలేదు." అతను పళ్లెం పక్కకి జరిపాడు. "నువ్వు అడుగుతావని చూశా బావా. ఎప్పుడూ అడుగుతావుగా. అందరినీ అడుగుతావు. ఇవాళ ముందు నువ్వే నోరు విప్పాలని పంతం పట్టా. కంట్రోల్ టవర్ వాళ్లు మళ్లీ చెబుతార్లే, ఈలోగా నీ చేత ఒక్క మాట అనిపించాలి అనుకున్నా. వాళ్లు మళ్లీ చెప్పలేదు."

క్లాజుగారికి ఇందాకటి తేలిక అంతా దిగిపోయింది. తాను ఇచ్చివచ్చిన కాగితం నిజం కాదని, సగం నిజమని ఆయనకి అర్థమైంది. చెప్పబోయి నోరు మూసుకున్న మనిషిని చూసి తాను మొహం తిప్పుకున్న సంగతి కూడా అందులో లేదు.

ముందు భార్యే నోరు తెరిచింది. ఆవిడ గొంతులో జాలి లేదు.

"మీ ఇద్దరి పంతాలు చూద్దామని టికెట్లు కొనుక్కోలేదు వాళ్లు" అంది.

క్లాజుగారు టేబుల్ మీది కారు తాళాలు తీసుకున్నాడు. "లేవరా. ఆఫీసు మూసేలోపు వెళ్లాలి. అది వెనక్కి తీసుకుని మళ్లీ రాస్తా. నువ్వూ రాయి."

"రాస్తే నాది పోతుంది బావా."

"పోతుందేమో. నాదీ పోతుంది."

బావమరిది లేచాడు. చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది అతనికి.

కారులో ఇద్దరూ ముందు కూర్చున్నారు. మొదటి సిగ్నల్ దగ్గర క్లాజుగారు అడిగాడు, ముందు దిగినవాడు కచ్చితంగా ఏమన్నాడని. అతను చెప్పాడు. నేను నోరు తెరవబోవడం నువ్వు చూశావా అని అతను అడిగాడు. చూశానని ఈయన ఒప్పుకున్నాడు. అప్పటినుంచి ఆపకుండా మాట్లాడుకున్నారు. ఎప్పుడు వేగం తగ్గిందో, ఎవరు ముందు గమనించారో, నేల ఎంత దగ్గరికొచ్చిందో, ఒకరు మర్చిపోయింది ఇంకొకరు అందిస్తూ, తప్పు చెబితే దిద్దుతూ, తమకి చేటు చేసే సంగతి ఒక్కటీ దాచుకోకుండా. వెనక సీట్లో ఆవిడ రెండు చేతులతో నోరు నొక్కుకుని ఆ మాటలన్నీ వింటూ కూర్చుంది.