రాజహంస పిన్ను కోసం వాకాడు దాకా

చొక్కాకు పెట్టుకునే ఇత్తడి పిన్నులు, పక్షుల బొమ్మలతో మొత్తం ఎనిమిది. ఎవరో ఒకప్పుడు వేసి ఆపేశారు. నా దగ్గర ఏడు రకాలున్నాయి, రాజహంస లేదు. అది వాకాడులో షమీమ్ గారి దగ్గరుందని పిన్నులు మార్చుకునే వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆవిడకు లకుముకిపిట్ట కావాలి. నా దగ్గర ఆ రకం రెండున్నాయి. ఇంకేం, పిన్నుల పెట్టె చంకన పెట్టుకుని పొద్దున ఆరున్నరకు బుచ్చిరెడ్డిపాలెంలో బస్సెక్కాను.

నెల్లూరులో ఇడ్లీ తిని గూడూరు బస్సు పట్టుకున్నాను. గూడూరులో వాకాడు బస్సు కోసం ముప్పావుగంట ఆగాల్సి వచ్చింది. వెళ్లేవాళ్లు ఆ లెక్కన బయలుదేరండి. పక్క సీటులో ఖాళీ చేపల బుట్టతో ఉన్న పెద్దామె నా పెట్టెకేసి చూసి, "ఏంది నాయనా, బంగారమా?" అంది. ఇత్తడని చెప్పాను.

"ఇత్తడికి ఇంత దూరమా," అని కిటికీ వైపు తిరిగింది.

పదకొండుకు వాకాడులో దిగాను. షమీమ్ గారు కవరింగ్ నగలకు మెరుగు పెడతారు. టీ ఇచ్చి, నా వడ్ల వ్యాపారం సంగతి అడిగి, రాజహంసను నా అరచేతిలో పెట్టారు. అంచున పచ్చగా చిలుము పట్టి ఉంది. నా మొహం చూసి నవ్వారు.

"నకిలీదనుకుంటుండారా అన్నా? సముద్రం గాలికి ఇత్తడి చిలుము పడతాది. మెరుపు చూసి మోసపోబాకండి. అంచు మీద గోరు పెట్టి లాగండి, అసలుదైతే జారిపోతాది. ఎనక అచ్చు పడిన గళ్ల గీతలు కూడా అంచు దాకా పోవాల."

గోరు జారింది. గళ్లు అంచు దాకా ఉన్నాయి.

"మీది నేను చూసేదేముందిలే, వడ్లు కొరికి కొనే మనిషి మోసపోతాడా," అంటూ ఆవిడ దూది తేవడానికి లోపలికి వెళ్లారు.

ఊరకుండలేక నా లకుముకిపిట్ట అంచు మీదా గోరు లాగాను. గోరు జారకుండా పట్టేసింది. వెనక గళ్లు అంచుకు ముందే ఆగిపోయాయి. గింజ కొరకనిదే బస్తా కొననివాణ్ణి, దీన్ని ఫోటో చూసి కొన్నాను. అదీ ఒకటి కాదు, రెండు. ఆవిడ దూది తెచ్చి అందులో రాజహంసను చుట్టేస్తున్నారు. తీసుకుని బస్సెక్కితే అడిగేవాళ్లు లేరు. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం ఆశపడ్డాను.

"అక్కా, నాది నకిలీది," అన్నాను.

ఆవిడ తిప్పి చూసి, "నకిలీదే," అని తిరిగిచ్చేశారు. రాజహంసను డబ్బాలో పెట్టుకున్నారు. "అసలుది దొరికినాక రండన్నా. అందాకా దీన్ని ఎవరికీ ఇయ్యను. ముందు అన్నం తినండి." రొయ్యల కూర బ్రహ్మాండంగా ఉంది.

రెండింటి బస్సులో కూర్చుని, పెట్టెలోని మిగతావాటిలో ఒక్కొక్కదాని మీదా గోరు లాగాను. కోట ఊరు దాటేసరికి ఆరు పక్షులూ జారాయి, రెండో లకుముకిపిట్ట మాత్రం జారలేదు. దాన్ని తీసి జేబులో వేసుకున్నాను. ఒక ఖాళీ పూడ్చుకుందామని వెళ్లినవాణ్ణి రెండు ఖాళీలతో వస్తున్నాను. అయినా ఇన్నాళ్లూ ఏడున్నాయని మురిసినదానికంటే, ఈ ఆరింటినీ చూస్తుంటే ఎక్కువ సంతోషంగా ఉంది.