పాలు పిండనన్న తల్లి

2024 వానాకాలంలో నేను నాందేడ్‌లోని ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను చూసే ఎన్ఐసీయూ వార్డులో నా డ్యూటీ. తెలంగాణ సరిహద్దున ఉన్న కుండల్‌వాడి నుంచి వచ్చిన సుజాత అనే బాలింత పాపకు చప్పరించే బలం లేదు. తల్లి పాలు పిండి ఇస్తే ఫీడింగ్ ట్యూబుతో, అంటే కడుపులోకి వేసిన సన్నని గొట్టంతో పట్టేవాళ్లం.

ఒక ఉదయం సుజాత పాలు ఇవ్వలేదు. రొమ్ములు గట్టిపడి సలుపుతున్నా పిండలేదు.

"తల్లిపాలల్ల ప్లాస్టిక్ ఉంటదట సిస్టర్. ఫోన్ల చూసిన. నేను రోజు ప్లాస్టిక్ కవర్ల తెచ్చిన వేడి చాయే తాగుతున్న. గా విషం బిడ్డకు నేనే తాపాల్నా?"

భర్త గంగాధర్ తల పట్టుకున్నాడు. "డబ్బా పాలు తెస్తనంటే గవిట్ల గూడ ఉంటదంటది. మరి పోరికి ఏం తాపాలె?"

అంతా అబద్ధమని కొట్టిపారేస్తే నా పని తేలికయ్యేది. కానీ అబద్ధం కాదు. మైక్రోప్లాస్టిక్స్ అనే సన్నటి ప్లాస్టిక్ రేణువులు తల్లిపాలల్లోనూ కనిపించాయి. వేడి తగిలితే ప్లాస్టిక్ నుంచి అవి ఎక్కువగా రాలుతాయి. ఒంటికి ఎంత చేటో ఇంకా పూర్తిగా తేలలేదు.

ఉన్నదున్నట్టే చెప్పాను. "ఉండొచ్చు సుజాతా. ఎంత చేటో ఎవ్వరికి పూర్తిగ తెల్వది. గని ఇంత చిన్న పిల్లల పేగులను కాపాడేది ఈ పాలే. అది మాకు బాగ తెలుసు."

"మీ బిడ్డయితే ఇస్తుంటిరా?"

"ఇస్తుంటి."

ఆమె పాపకు వేసిన గొట్టాన్ని చూపించింది. "మరి గా ట్యూబు?"

"అది ప్లాస్టిక్కే. పాప చప్పరించేదాంక తప్పది. తప్పించుకోగల్గినయి తప్పిద్దాం."

గంగాధర్ బజారుకు పోయి స్టీలు ఫ్లాస్కు, పాలు పిండడానికి స్టీలు మూతగిన్నె తెచ్చాడు. చాయ్ ఇక ఫ్లాస్కులోనే. డాక్టరమ్మను అడిగి గిన్నెను నీళ్లలో మరిగించాను. వేడి గుడ్డతో కాపడం పెట్టాక పాలు ముందు చుక్కలుగా, తర్వాత ధారగా వచ్చాయి. సుజాత కళ్లు తుడుచుకుంటూనే పిండింది.

పాప మెల్లగా బరువు పెరిగింది. ట్యూబు తీసి స్టీలు ఉగ్గుగిన్నెతో పట్టాం. ఇంటికి పోయేలోపే తల్లి రొమ్ము పట్టింది.

భయపడ్డ మనిషికి "ఏం కాదు" అన్న మాట చాలదని ఆ తల్లి దగ్గరే నేర్చుకున్నాను. తెలిసిందెంతో, తెలియనిదెంతో చెప్పాలి. ఆ పూట చేయగలిగిన పని ఒకటి చూపించాలి.

డిశ్చార్జి రోజు సుజాత పక్క మంచం బాలింతతో మాట్లాడుతోంది. "ముందుగాల్ల వేడి గుడ్డతోని కాపుకోవాలె అక్కా. జర ఓపిక పడితే పాలు వస్తయి."