నవ్వినప్పుడే చెంచా

ఐర్లండ్‌లోని ట్రాలీ పట్టణంలో ఒక వృద్ధుల గృహంలో నేను పెద్దవాళ్ల ఆలనాపాలనా చూసే కేరర్‌ని. నా వంతుకు వచ్చినవాళ్లలో మతిమరుపు ముదిరిన పెద్దాయన ఒకరుండేవారు. చెంచా కనబడితే పెదాలు బిగించేసేవారు. ఆయన నోరు తెరిచేది టీవీలో ఒక పాత బ్రిటిష్ హాస్యనటుణ్ని చూసి నవ్వడానికే. అందుకని కూతురు తెచ్చిచ్చిన పాత ప్రోగ్రాములు పెట్టి, నవ్వు ఆగి నోరింకా మూసుకోని ఆ క్షణంలో మెత్తటి బంగాళాదుంప పెట్టేదాన్ని.

గుంటూరు పిల్లని, ఆ నటుడి గురించి నాకేం తెలుసు? గళ్ల కోటు, పక్కకు దువ్విన జుట్టు, అంతే. ఒక మధ్యాహ్నం టీవీలో అదే కోటు కనబడితే కొత్త ప్రోగ్రాం దొరికిందని సంబరపడ్డాను. నా తెలివి అలా ఏడ్చింది. పెద్దాయన నవ్వారు కూడా, నాలుగు చెంచాలు లోపలికి వెళ్లాయి. అది ఆ హాస్యనటుడి జీవితం మీద తీసిన డ్రామా అనీ, కోటులో ఉన్నది వేరే మనిషనీ తెలిసేసరికి అతను ఆసుపత్రి మంచం మీద ప్రాణం వదులుతున్నాడు. రిమోట్ వెతికేలోపు ముఖం మీద దుప్పటి కప్పేశారు. పెద్దాయన శిలువ గుర్తు వేసుకున్నారు.

నిజానికి ఆ నటుడు పోయి చాలా ఏళ్లయింది. పెద్దాయన మరిచిపోయిన ఆ సంగతిని నేను చేతులారా గుర్తుచేశాను.

మర్నాడు పాత ప్రోగ్రాం పెట్టాను. "పోయిన మనిషిని చూసి నవ్వకూడదు," అన్నారాయన ఇంగ్లీషులో, మెల్లగా.

మా నర్సు, మన తెలుగావిడే, నన్ను పక్కకు పిలిచింది. "ఏడవమాకే. అచ్చం ఆయన్లాగే వేషం కడితే నువ్వేం జేస్తావ్? పెద్దాయన రేపటికి మర్చిపోతాళ్లే."

మరిచిపోవాలని నేనూ ప్రార్థించాను. సొంత కూతురి పేరు నిలవని తలలో ఆ చావు మాత్రం నిలిచిపోయింది. కొన్నాళ్లకు డాక్టరు వచ్చి చూసి, తినమని ఇక బలవంతం చేయవద్దన్నారు. కూతురు నాకు థాంక్స్ చెప్పింది. ఆమెకు నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ సాయంత్రం టీవీ పెట్టకుండా చెంచాతో పక్కన కూర్చున్నాను. ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశారు. "ఆ పోయినతను మీవాడా?" అని అడిగారు. అవునన్నాను. నా చెయ్యి పట్టుకుని, "సారీ ఫర్ యువర్ ట్రబుల్," అన్నారు. ఇక్కడ చావింటికి వెళ్లినవాళ్లు అనే మాట అది.

నోరు తెరిచారు కదా అని చెంచా ఎత్తాను. పెదాలు బిగించేశారు.